పిస్తోలు మధ్యలో ఎందుకు ఆగుతుంది?

2023 సెప్టెంబరు 27న హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీలో వెండి గెలిచింది. మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు బంగారమూ అదే రోజు తెచ్చింది. అప్పటినుంచి మేడ్చల్‌లో మా గల్లీ పిల్లలు నన్ను వదలడం లేదు. నేను కేంద్ర బలగాల్లో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, పనిచేసి రిటైరైనవాణ్ని. "తాతా, ఒక్కటి పేలగానే రెండో తూటా దానంతటదే ఎట్లొస్తది?" అని అడుగుతారు.

ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ తూటా అడుగును కొడుతుంది. మందు అంటుకుని, గ్యాసు గుండును ముందుకు తోస్తుంది. అదే ఒత్తిడి ఖాళీ గుల్లను వెనక్కి నెడుతుంది, దాంతో పిస్తోలు పైన జరిగే భాగం, స్లైడూ వెనక్కి వెళుతుంది. స్లైడుకున్న కొక్కెం గుల్లను లాగి బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు స్లైడును మళ్లీ ముందుకు తోసినప్పుడు, తూటాలు పేర్చిన మ్యాగజైన్‌లో పైనున్న తూటా గొట్టంలోకి చేరుతుంది. రెప్పపాటులో ఇదంతా అయిపోతుంది. ఇంకోటి పేలాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కాలి.

పోటీల్లో వాడే చిన్న .22 తూటాకు స్లైడు బరువు, స్ప్రింగు బిగువు చాలు. 9 ఎంఎంకు ఒత్తిడి ఎక్కువ కాబట్టి గొట్టం, స్లైడు కాసేపు కలిసి వెనక్కి జరిగి, తర్వాత విడిపోతాయి. ఇది తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ ఆలోచన. ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 9 ఎంఎం పిస్తోలుదీ ఈ అమరికే.

ఇక జామ్ అయ్యేది ఎందుకు? కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, నా దగ్గరికి వచ్చిన పిస్తోళ్లలో ఎక్కువగా తప్పు మ్యాగజైన్‌దే. కింద పడి దాని మూతి అంచులు రవ్వంత వంగినా, లోపలి స్ప్రింగు నీరసించినా తూటా సరైన కోణంలో లేవదు. అందుకే ప్రతి మ్యాగజైన్‌కూ నంబరు వేయించేవాణ్ని. ఒకే నంబరు రెండుసార్లు మొరాయిస్తే అది పక్కకే. తర్వాతది మణికట్టు. చెయ్యి వదులైతే పిస్తోలు మొత్తం స్లైడుతోపాటు వెనక్కి పోతుంది. స్లైడు పూర్తి దూరం వెళ్లక, ఖాళీ గుల్ల నిలువుగా ఇరుక్కుంటుంది. నూనె ఎక్కువైనా ముప్పే, మా వేసవి దుమ్ము దాంట్లో కలిసి జిగురవుతుంది. .22 తూటాకు నిప్పుమందు అడుగు అంచులో ఉంటుంది. అది అంచంతా సమంగా పరుచుకోకపోతే పిన్ కొట్టినా పేలదు.

అన్నిటికంటే ప్రమాదం, చప్పుడు పలచగా వచ్చినప్పుడు. గుండు గొట్టంలోనే ఆగి ఉండొచ్చు. ఆ స్థితిలో ఇంకోటి పేల్చితే గొట్టం చీలిపోవచ్చు.

పోటీలో పిస్తోలు ఆగితే దాన్ని టార్గెట్ వైపే ఉంచి, ఖాళీ చెయ్యి ఎత్తాలి. అధికారి చూడకముందే సేఫ్టీని గానీ స్లైడును గానీ ముట్టుకుంటే మళ్లీ పేల్చే అవకాశం ఇవ్వరు. తూటా నింపడం మరిచినా అంతే. నిబంధన కఠినమే, కానీ నాకు న్యాయంగానే తోస్తుంది.

పిల్లల్ని షూటింగ్‌లో చేర్చే తల్లిదండ్రులకు నాదొక విన్నపం. గురి కుదిరిందా అని అడిగేముందు, పిస్తోలు ఆగితే ఏం చేయాలో కోచ్ దగ్గర ఖాళీ పిస్తోలుతో నేర్పించారా అని అడగండి.