కతోలిక ప్రాథమిక పాఠశాలలో ప్రవేశం: రెండు పత్రాల మధ్య దళిత కుటుంబం

సారాంశం
ప్రైవేటు కతోలిక ప్రాథమిక పాఠశాలలో బిడ్డను చేర్చేటప్పుడు జ్ఞానస్నాన పత్రం తల్లిదండ్రులకు తోడ్పడుతుంది. దళిత కుటుంబాల విషయంలో అదే పత్రం షెడ్యూల్డు కుల హోదాకు అడ్డు కాగలదు. తెలుగు రాష్ట్రాలలో ఈ వైరుధ్యం ఎలా ఏర్పడిందో, ప్రవేశ సమయంలో గమనించవలసిన అంశాలేవో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కతోలిక పాఠశాల, ప్రవేశం, జ్ఞానస్నానం, కుల ధ్రువీకరణ, దళిత క్రైస్తవులు.

ఉపోద్ఘాతం
తెలుగునాట 'కాన్వెంటు' అనే మాట నేడు ఏ ఆంగ్లమాధ్యమ ప్రైవేటు బడికైనా వాడుకలో ఉంది. నిజానికి అది కన్యస్త్రీల మఠానికి పేరు. మఠాన్ని ఆనుకొని నడిచిన బడికి ఆ పేరు సంక్రమించి, తరువాత అర్థవ్యాప్తి పొందింది. 1849లో యానాంకు చేరిన సెయింట్ జోసఫ్ సభ సోదరీమణులు, 1904లో గుంటూరుకు వచ్చిన జె.ఎం.జె. సభ సోదరీమణులు ఈ విద్యాసేవకు తొలి బాటలు వేసినవారిలో ఉన్నారు. పేరు అందరిదైనా, అసలు కాన్వెంటులో ప్రవేశానికి కొన్ని ప్రత్యేక నియమాలున్నాయి.

1. చట్టపరమైన నేపథ్యం
రాజ్యాంగంలోని 30(1) అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి, నిర్వహించుకొనే హక్కునిచ్చింది. కతోలిక పాఠశాలలు తమ సముదాయపు పిల్లలకు ప్రాధాన్యమివ్వడానికి ఇదే ఆధారం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు పాఠశాలలు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లను బలహీన, వెనుకబాటుకు గురైన వర్గాల పిల్లలకు కేటాయించాలి. ప్రవేశం కోసం పిల్లలనుగాని, తల్లిదండ్రులనుగాని పరీక్షించరాదు. అయితే 2014లో 'ప్రమతి' కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ చట్టం అల్పసంఖ్యాక పాఠశాలలకు వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, పునఃపరిశీలన నిమిత్తం ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

ప్రమతి తీర్పు ప్రకారం పేద దళిత బాలిక కతోలిక బడిలో 25 శాతం కోటాను హక్కుగా కోరలేదు. ఆమెకు మిగిలేది సముదాయ ప్రాధాన్యం. దానికి ఆధారం జ్ఞానస్నాన పత్రం.

2. జ్ఞానస్నాన పత్రం
1983 నాటి శ్రీసభ చట్టస్మృతి ప్రకారం, జ్ఞానస్నానం పొందిన బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, తేదీ, స్థలం మొదలైన వివరాలను విచారణ గురువు పుస్తకంలో నమోదు చేయాలి. ఆ పుస్తకం నుంచి తీసిచ్చేదే జ్ఞానస్నాన పత్రం. కతోలికులకు ప్రాధాన్యమిచ్చే పాఠశాలలు సాధారణంగా పుట్టినతేదీ పత్రంతోపాటు దీనినీ అడుగుతాయి. ఫీజు రాయితీ కోరే కుటుంబానికీ ఇది అక్కరకొస్తుంది.

3. మతం, కులం గడులు
ప్రవేశ దరఖాస్తులో మతం, కులం అనే గడులుంటాయి. వాటిలో రాసినది ప్రవేశ రిజిస్టరులోకి, అక్కడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బదిలీ పత్రాలలోకి చేరుతుంది. తరువాతి కాలంలో కుల ధ్రువీకరణకు అధికారులు పరిశీలించే ఆధారాలలో పాఠశాల రికార్డులు ముఖ్యమైనవి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది. క్రైస్తవులకు వర్తించలేదు. క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని, వారి సంతానాన్ని తెలుగు రాష్ట్రాలు బి.సి.-సి వర్గంగా గుర్తిస్తున్నాయి. ఆ వర్గానికి రిజర్వేషను 1 శాతం. షెడ్యూల్డు కులాలకు 15 శాతం. షెడ్యూల్డు తెగల హోదాకు ఇటువంటి మత నిబంధన లేదు. రెడ్డి, కమ్మ కులాల కతోలికులకు కోల్పోవలసిన షెడ్యూల్డు హోదా లేదు. కనుక ఒకే బల్లవద్ద ఒకే పత్రాన్ని ఇచ్చే తల్లిదండ్రులందరికీ దాని ఖరీదు ఒకటి కాదు.

ఈ కారణంగా గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరుతో బతికే కుటుంబాలు ఏర్పడ్డాయి. ప్రభుత్వ బడిలో ఆ రెండు పేర్లు ఎదురుపడవు. కతోలిక బడిలో దరఖాస్తు, జ్ఞానస్నాన పత్రం ఒకే ఫైలులో చేరతాయి. శైశవంలో జరిగిన జ్ఞానస్నానపు నమోదుకు ఎంత బరువుందో 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలుపుతుంది. పుదుచ్చేరి మహిళ ఒకరు ఉద్యోగం కోసం కోరిన షెడ్యూల్డు కుల ధ్రువపత్రాన్ని నిరాకరించడం సరైనదేనని తేల్చుతూ న్యాయస్థానం ఆ నమోదును కూడా పరిగణనలోకి తీసుకొంది.

4. తల్లిదండ్రులు గమనించవలసిన అంశాలు
మొదటిది, జ్ఞానస్నాన పత్రం ప్రవేశానికి తప్పనిసరా, ప్రాధాన్యానికి మాత్రమేనా అన్నది ముందుగా తెలుసుకోవాలి. కతోలిక బడులలో ఇతర మతాల పిల్లలు కూడా పెద్దసంఖ్యలో చదువుతున్నారు. వారికి ఈ పత్రంతో పనిలేదు.

రెండవది, మతం, కులం గడులను గుమాస్తాకు వదిలేయక, తల్లిదండ్రులే చదివి నింపాలి. నమోదైన వివరాన్ని రిజిస్టరులో సరిచూసుకోవాలి. అసత్య సమాచారంతో పొందిన కుల ధ్రువపత్రాన్ని 1993 నాటి చట్టం కింద జిల్లా కలెక్టరు రద్దు చేయవచ్చు. ఆ రద్దు బిడ్డ చదువు ముగిసి, కొలువులో చేరిన తరువాత కూడా రావచ్చు.

మూడవది, 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయంగాని పొందిన పాఠశాలలో సంరక్షకుల సమ్మతి లేనిదే బిడ్డను మతబోధకుగాని, ఆరాధనకుగాని హాజరుకమ్మని నిర్బంధించరాదు. కొన్ని దరఖాస్తులలో ఈ సమ్మతి ఒక వాక్యంగా ఉండవచ్చు. సంతకానికి ముందే దానిని చదవాలి.

ముగింపు
ప్రవేశ దరఖాస్తు చూడడానికి ఒక పుట కాగితం. దళిత కతోలిక కుటుంబానికి మాత్రం అది విశ్వాసానికీ రాజ్యాంగ రక్షణకూ మధ్య ఎంపికగా మారుతోంది. ఐదారేళ్ల బిడ్డ ఆ ఎంపిక చేయలేదు. దాని ఫలితం మాత్రం ఆ బిడ్డదే. ఈ వైరుధ్యం 1950 నాటి ఉత్తర్వు నుంచి పుట్టినది గనుక పాఠశాల ఒక్కటే దానిని పరిష్కరించలేదు. అయితే ఏ పత్రం ఎందుకు అడుగుతున్నదీ, అది ఎక్కడెక్కడికి చేరేదీ తల్లిదండ్రులకు దరఖాస్తు నాడే తెలియజెప్పడం పాఠశాల చేతిలోని పని.