మొదటి డికాక్షను ఎవరికి?

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి అన్నారు. ఆ మాటకు నిదర్శనం వెదుక్కొంటూ దూరం పోనక్కరలేదు. కాఫీ అలవాటైన ఏ తెలుగు ఇంటిలోనైనా తెల్లవారుజామున వంటింటి గడప దగ్గర పావుగంట నిలబడితే చాలు. ఇంటి యజమాని పాఠశాల ఉపాధ్యాయుడనుకొందాం. ఆయన కాఫీ చిక్కగా ఉండవలె, పైన నురుగు తేలవలె, గ్లాసు పట్టుకొంటే వేళ్లు చురుక్కుమనవలె. ఆయన తల్లిగారికి పంచదార గిట్టదు, బెల్లమే కావలె. కుమారునికి పాలు మిక్కుటం. డికాక్షను రంగుకు మాత్రమే. సెలవులకు వచ్చిన కుమార్తెకు చేదు తెలియకపోతే అది కాఫీయే కాదు. ఈ అభిరుచులన్నీ ఆ ఇంటిలో ఒక్క మనిషికి కంఠస్థం. ఎవరి గ్లాసు ఎవరికి అందించడంలోనూ ఆమె పొరబడదు. అయితే ఆమె కాఫీ ఎలాగుండవలెనో ఆ తక్కిన నలుగురిలో ఎవరినైనా అడిగి చూడండి. జవాబుకు కొంత ఆలస్యమవుతుంది.

లోకం గొప్పవారి కాఫీ రుచులను మాత్రం భద్రంగా వ్రాసి పెట్టుకొన్నది. సంగీతకారుడు బీథోవెన్ కప్పుకు సరిగా 60 గింజలు లెక్కపెట్టి మరీ కాఫీ కాచుకొనేవాడని ఆయన వద్ద కార్యదర్శిగా ఉన్న షిండ్లర్ వ్రాసినాడు. షిండ్లర్ వ్రాతలలో కల్పన పాలు హెచ్చని తరువాతి పండితులు తేల్చినారు గాని, ఈ గింజల లెక్క మాత్రం జనం నోళ్లలో నిలిచిపోయింది. ఆ మహానుభావుడు తన గింజలు తానే లెక్కపెట్టుకొన్నాడు గనుక ఆయనను ఆక్షేపించవలసిన పని లేదు. కూర్చున్న చోటికి గ్లాసు రావలెనని, అది తన నాలుకకు సరిపోయి తీరవలెనని కోరేవారి సంగతి వేరు.

మన ఇళ్లలోని ఫిల్టరు చూపునకు చిన్నదే గాని, దాని స్వభావం తెలిసికొనడానికి ఓపిక కావలె. అడుగున సన్నని రంధ్రాలు గల ఒక గిన్నె పైన, దిగిన దానిని పట్టుకొనే గిన్నె కింద. పొడిని అదిమి ఉంచడానికి కాడ గల చిల్లుల బిళ్ల ఒకటి, పైన మూత. ఇత్తడివి పోయి స్టీలువి వచ్చినా ఈ అమరికలో మార్పు లేదు. పొడి వేసి, బిళ్లతో మెల్లగా అదిమి, మరిగి దించిన నీరు పోసి, మూత పెట్టి, మనిషి ఇంకొక పని చూచుకోవలె. గట్టిగా అదిమితే చుక్క దిగదు. వదులుగా విడిచిపెడితే నీరు నీరుగానే జారిపోతుంది. ఒక్కొక్కప్పుడు అన్నీ సవ్యంగా ఉండి కూడా డికాక్షను దిగదు. రెండు గిన్నెలూ బిగిసి కూర్చొన్నందువల్ల కింది గిన్నెలోని గాలికి బయటపడే దారి ఉండదు. పై గిన్నెను ఒక్క క్షణం ఎత్తి పెడితే మళ్లీ చుక్కలు పడతాయి. గాలికి కూడా చోటు కావలెనన్న ఈ పాఠం బడి ముఖం చూడని ముసలమ్మలు సైతం ఎరుగుదురు. రంధ్రాలు పూడుకొనిపోయినప్పుడు ఫిల్టరును నిప్పు సెగకు చూపడం, పట్టిన పొడి మాడి రాలిపోగానే కడిగి ఆరబెట్టడం వారి విద్యలోనివే.

పూర్వం గింజలు కొని ఇంటనే వేయించుకొనేవారు. బల్ల అంచుకు బిగించిన చేతిమరలో వాటిని విసరడం పిల్లల వంతు. కాయలో రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రంగా పెరిగితే దానిని పీబెర్రీ అంటారు. అది తప్ప వేరే గింజ ఇంట అడుగుపెట్టరాదని పంతం పట్టిన పెద్దలు ఉండేవారు. గుండ్రని గింజ బాణలిలో దొర్లి సమంగా వేగుతుందని వారి వాదం. వాదం మాట ఎలా ఉన్నా, మర తిప్పే పిల్లవాని భుజానికి అన్ని గింజలూ ఒకటే.

నీరు పోసిన 20 నిమిషాలకు కొంచెం అటు ఇటుగా మొదటి డికాక్షను దిగుతుంది. నల్లగా, చిక్కగా, ఇల్లంతా పరిమళించే ద్రవం. వేడినీరు తగలగానే పొడిలో ముందుగా కరిగేవి పరిమళ ద్రవ్యాలు, ఆమ్లాలు; మనిషికి హుషారు కలిగించే కెఫీనులో అధికభాగం కూడా వీటితోనే దిగిపోతుంది. ఆలస్యంగా, అయిష్టంగా కరిగేవి చేదు, వగరు. కాబట్టి అదే పొడి మీద మళ్లీ నీరు పోసి దించిన రెండవ డికాక్షనులో రంగు కొంత ఉంటుంది, చేదు ఉంటుంది, ప్రాణం ఉండదు. మూడవసారి కూడా పోసే పొదుపరులు లేకపోలేదు. దానిని కాఫీ అనడం కేవలం మర్యాద.

రుచుల ముచ్చట ఇక్కడ మరొక దారి పడుతుంది. మొదటి డికాక్షను అందరికీ చాలదు. ఎవరికి చాలవలెనో ఇంటింటా ఒక శాసనం ఉన్నది. వ్రాసినవారు లేరు గాని మీరినవారూ అరుదు. యజమానికి మొదటిది. ఇంట అతిథి ఉంటే ఆయనకు మొదటిది. అల్లునికి సరేసరి, ఆయన ఉన్న నాలుగు రోజులూ పొడి ఒక చెంచా ఎక్కువ పడుతుంది. చదువుకొనే కుమారునికి పరీక్షల రోజులలో మొదటిది, తక్కిన రోజులలో రెండూ కలిపినది. పొలం నుండి వచ్చిన పాలేరుకు, అంట్లు తోమే మనిషికి రెండవది. కాఫీ కాచిన ఆమెకు గిన్నెలో మిగిలినది. ఎవరికేది ఇష్టమో అడిగి ఈ పంపకం జరిగినది కాదు. పంపకం జరిగి, ఏళ్లు గడచి, ఎవరికి వచ్చినది వారి ఇష్టమై కూర్చొన్నది. “నాకు పలుచగా ఉంటేనే పడుతుంది” అనే ఇల్లాండ్రలో ఎందరు నిజంగా చిక్కనిది తాగి చూచి ఆ మాట అన్నారో విచారించదగినది.

ఇష్టాలు ఇలా పుట్టడం ఒక్క ఇంటితో ఆగినది కాదు. చికోరీ చరిత్ర ఇదే. అది ఒక మొక్క వేరు. ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీను బొత్తిగా లేదు. 1806లో నెపోలియన్ ఇంగ్లండు వర్తకానికి యూరపు రేవులు మూయించిన తరువాత కాఫీ గింజ దుర్లభమై, ఫ్రెంచివారు ఈ వేరును ఆశ్రయించినారు. దిగ్బంధం తొలగినది, గింజలు మళ్లీ వచ్చినవి, చికోరీ మాత్రం పోలేదు. నాలుక దానికి అలవాటుపడినది. దక్షిణ దేశంలోనూ అంతే. కొద్దిపాటి కాఫీకి ముదురు రంగు, చిక్కదనం తెచ్చిపెట్టే గుణం ఉండడం వల్ల, ఖరీదైన గింజను నెలాఖరు వరకు సాగదీయవలసిన సంసారాలకు చికోరీ చేయూత అయినది. పొట్లంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, చికోరీ పాలు ఎంతో పైన అచ్చు వేయవలెనని మన ఆహార నిబంధన. ఈనాడు కొనగల స్తోమత ఉన్నవారు కూడా అసలు కాఫీ ఇస్తే “ఇదేమిటి, పలుచగా ఉన్నది” అని మొగం చిట్లిస్తారు. విశాఖ మన్యంలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన, మిరియపు తీగల సరసన పెంచే అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు ఇప్పుడు విదేశాలలోనూ వినబడుతున్నది. అయినా ఆ గింజను మొదటిసారి ఇంటికి తెచ్చిన అనేకులు నాల్గవనాటికి దానిలో చికోరీ కలుపుకొంటారు. లేమి నేర్పిన రుచి కలిమి వచ్చినంత మాత్రాన పోదు. దానిని తక్కువ చేయడమూ తగదు. ఆ చికోరీ కాఫీ తాగియే ఎందరో పట్టభద్రులైనారు.

గ్లాసు సంగతి కూడా కొంచెం చెప్పుకోవలె. గ్లాసు నుండి డబరాకు, డబరా నుండి గ్లాసుకు ఎత్తి పోయడం వల్ల పంచదార కరుగుతుంది, వేడి తగ్గుతుంది, నురుగు లేస్తుంది. ఇది రుచికి సంబంధించినది. అంచు పెదవికి తగలకుండా ఎత్తి పోసికొనడం మాత్రం రుచికి సంబంధించినది కాదు, ఎంగిలికి సంబంధించినది. పెరటి గోడ గూటిలో విడిగా బోర్లించి ఉంచిన గ్లాసు ఆ రెంటికీ చెందదు. దానిలో తాగినవారే కడిగి మళ్లీ అక్కడనే బోర్లించవలె. అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగం 1950లో అమలులోనికి వచ్చినది; ఆ తరువాత ఎంతో కాలం దాకా పల్లెటూళ్ల కాఫీ, టీ దుకాణాలలో రెండు రకాల గ్లాసులు నిలిచినవి, ఇండ్లలో పెరటి గూళ్లూ నిలిచినవి. కాఫీని ఎంత శ్రద్ధగా కాచినా, అది ఏ గ్లాసులో పడినదో చూడక ఆ ఇంటి అభిరుచిని మెచ్చుకోరాదు.

తన నాలుక మాట తాను విన్న ఇల్లాలు లోకంలో లేకపోలేదు. జర్మనీలో డ్రెస్డెన్ నగర వాసిని మెలిట్టా బెంట్జ్ అటువంటిది. ఆ కాలపు కాఫీలో అడుగున మడ్డి, నోట చేదు ఆమెకు సరిపడలేదు. ఒక ఇత్తడి పాత్ర అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కుమారుని బడి నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం తీసి దానిలో పరచి, పొడి వేసి నీరు పోసినది. మడ్డి కాగితం మీద నిలిచిపోయినది. తేటనీరు కిందికి దిగినది. 1908లో ఆమె దానికి హక్కుపత్రం పొంది, భర్తను, కుమారులను తోడు చేసికొని వ్యాపారం పెట్టినది. ఆ సంస్థ నేటికీ ఆమె పేరుననే నడుస్తున్నది. పిల్లవాడు మరునాడు బడిలో సిరా అద్దుకొనడానికి ఏమి చేసినాడో చరిత్రకారులు పట్టించుకొన్నట్లు లేదు.

అదే దేశంలో అంతకు పూర్వం, 1730 దశకంలో, సంగీతాచార్యుడు బాఖ్ కాఫీ మీదనే ఒక హాస్యగేయ నాటిక కూర్చినాడు. అందులో తండ్రి కూతురిని కాఫీ మానిపించ యత్నిస్తాడు. కొత్త బట్టలు ఇయ్యనంటాడు, షికారుకు పోనీయనంటాడు, ఆమె లెక్కచేయదు. పెండ్లి చేయనని బెదిరించేసరికి లొంగినట్లే కనిపిస్తుంది. తండ్రి వరుని వెదకబోగానే, ఎప్పుడు కోరితే అప్పుడు కాఫీ కాచుకొనే స్వేచ్ఛ వివాహపు ఒడంబడికలో వ్రాసి ఇచ్చేవానినే చేసుకొంటానని ఆమె చాటుగా చాటింపు వేయిస్తుంది. మూడు వందల ఏండ్లు కావచ్చిన ముచ్చట ఇది. మన వివాహ సంభాషణలలో కట్నకానుకల ప్రసక్తి వస్తుంది, ఉద్యోగాల ప్రసక్తి వస్తుంది. వధువు కాఫీ ప్రసక్తి రాగా విన్నవారు లేరు.

ఇక కాఫీ చెట్టుకు పుట్టినిల్లయిన ఇథియోపియా పద్ధతి చూడవలె. అక్కడా కాచేది ప్రాయికంగా స్త్రీయే. వచ్చినవారి ఎదుటనే పచ్చి గింజలు వేయించి, ఆ పొగను అందరూ ఆఘ్రాణించేటట్లు తిప్పి చూపి, దంచి, పొడవైన మెడ గల మట్టికూజాలో కాచి, పిడి లేని చిన్న గిన్నెలలో పోస్తుంది. ఒకే పొడి మీద మూడుసార్లు నీరు పోసి మూడుసార్లు ఇస్తారు. అనగా అక్కడా మొదటిది చిక్కన, మూడవది పలుచన. భేదం ఒక్కటే. మొదటిది ఒకరికి, మూడవది మరొకరికి కాదు. కూర్చొన్నవారందరికీ మొదటిది, అందరికీ మూడవది. ఆ చివరి పలుచని గిన్నెకు పేరు ‘బరకా’, అనగా ఆశీర్వాదం. అది అందుకోకుండా లేచిపోవడం మర్యాద కాదు.

మొదట చెప్పుకొన్న ఉపాధ్యాయుని ఇంటిలో ఒక సెలవు ఉదయం ఇలా జరిగినదనుకొందాం. తల్లి కన్న ముందుగా లేచిన కుమార్తె రెండు ఫిల్టర్లు కడిగి, రెంటా పొడి వేసి, నీరు పోసినది. తల్లి వచ్చి చూచి, పొడి దండుగ అని కోప్పడబోయి ఊరకున్నది. రెంటా మొదటి డికాక్షను దిగినది. నాయనమ్మకు బెల్లం వేసి, కాగిన పాలతో విరగకుండా పొయ్యి దించిన తరువాతనే కలిపి, కుమార్తె తల్లి వైపు తిరిగినది.

“నీకెలా కలపనమ్మా?”

“ఎలాగైనా ఫరవాలేదు లేవే. మీవన్నీ అయినాక మిగిలింది కలుపు.”

“మిగలదు. ఇవాళ ఎవరిది వారికే.”

ఆమె కొంచెంసేపు ఆలోచించినది. ముప్పై ఏండ్లుగా నలుగురి గ్లాసులలో కలుపగా మిగిలినది, పంచదార పడినదీ పడనిదీ ఏకం చేసి, చల్లారిన తరువాత నిలబడి తాగిన మనిషి.

“పాలు బాగా తగ్గించు. చక్కెర అసలు వేయకు.”

వీధి అరుగు మీద పత్రిక చదువుకొంటున్న ఉపాధ్యాయులవారు ఆ మాట విని తల ఎత్తినారు. ఆమె తీపి తాగుతుందనే ఇన్నాళ్లూ ఆయన ఎరుక.