పొయ్యి మారనిదే దగ్గు మానదు

అడ్డసరపాకు రసంలో తేనె కలిపి పుచ్చుకుంటున్నామనీ, తాలీసాది చూర్ణం నెలల తరబడి సేవించినా దగ్గు తగ్గలేదనీ చెప్పుకునే స్త్రీలు నా వద్దకు అనేకులు వస్తూ ఉంటారు. వారిలో చుట్టగాని బీడీగాని ముట్టినవారు బహు అరుదు. నాడి చూడటానికి ముందే నేను వారిని అడిగేది ఒక్కటే: "అమ్మా, మీ ఇంట వంట దేనిమీద?"

మాధవనిదానంలో కాసరోగ కారణాలలో మొట్టమొదట పేర్కొన్నది పొగనే. ధూళి, రూక్షాన్నం మొదలైనవి ఆ తరువాతివి. పొగ సోకినవారికి కలిగే ఆయాసాన్ని, తుమ్ములను, దగ్గును, కండ్ల మంటను సుశ్రుతుడు ప్రత్యేకంగా వర్ణించాడు. రోగకారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సలో తొలిమెట్టని గురుకులంలో మాచేత వల్లె వేయించేవారు. పూటపూటా పొగలో కూర్చునే స్త్రీకి లేహ్యం ఇవ్వడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే. (ఆయుర్వేదంలో ధూమపానం ఒక చికిత్సే కదా అని కొందరు వాదిస్తారు. అది ఓషధులతో, మితంగా, వైద్యుని ఆజ్ఞపై చేసేది. దానికీ వంటింటి పొగకూ పోలిక లేదు.)

పచ్చికట్టెలు, పిడకలు, కందికంప పూర్తిగా మండవు. అందువల్ల పుట్టే మసిలో కంటికి కనిపించని సూక్ష్మరేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల వరకు చేరుతాయి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. గర్భిణులకు తక్కువ బరువు శిశువులు పుట్టడానికీ, పసిపిల్లలకు న్యుమోనియా రావడానికీ, పెద్దవారిలో దీర్ఘకాలిక శ్వాసరోగానికీ, కంటిలో శుక్లాలకూ ఈ పొగ దోహదం చేస్తుంది. ఇళ్ళలోని ఇటువంటి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం పేదస్త్రీలకు గ్యాసు కనెక్షన్లు తెచ్చిపెట్టాయి. అయినా పెరటిలో రెండవ పొయ్యి ఆరలేదు. స్నానాలకు వేణ్ణీళ్ళు, పశువుల కుడితి, జొన్నరొట్టెలు దానిమీదనే. సిలిండరు చుట్టాలు వచ్చిన రోజుకు దాచబడుతుంది. ఇది ఆ ఇల్లాలి అశ్రద్ధ కాదు. మరొక సిలిండరుకు డబ్బు ఇవ్వాలో వద్దో నిర్ణయించేది చాలా ఇళ్ళలో ఆమె కాదు. కాబట్టి నేను భర్తనో కుమారునో పిలిపించి, ఆ ఖర్చును మందుల ఖాతాలో వ్రాసుకొమ్మని చెబుతాను.

నాలుగైదు పశువులున్న ఇంటికి గోబర్ గ్యాసు శ్రేష్ఠమని నా అభిప్రాయం. 2 ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. నలుగురైదుగురికి వంట జరుగుతుంది. పిడకగా కాలిస్తే కండ్లు మండించే ఆ పేడే ఇక్కడ పొగలేని నీలిమంట అవుతుంది. మిగిలిన ముద్ద పొలానికి ఎరువు. కట్టెలు తప్పనివారు బాగా ఎండినవే వాడి, పొయ్యికి పొగగొట్టం పెట్టించి, చంటిబిడ్డను దూరంగా ఉంచాలి.

పొగ మానిన తరువాత అడ్డసరపాకు రసం రెండు చెంచాలు, తేనె ఒక చెంచా కలిపి ఉదయం, సాయంత్రం పుచ్చుకోవచ్చు. గర్భిణులు అడ్డసరం వాడరాదు. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. దగ్గు రెండు వారాలు దాటినా, కళ్ళెలో రక్తం కనిపించినా, మందులతో కాలయాపన చేయక ప్రభుత్వాసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించుకోండి. క్షయకు ఆ పరీక్ష అక్కడ ఉచితం.