ఆక్లాండ్‌లో పుట్టిన ‘ఆర్’, ఆపిల్ కొత్త చిప్పు

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం బోధించిన రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల తొలినాళ్లలో రూపొందించిన ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాష 1995లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వెలువడి, క్రమంగా ప్రపంచమంతటి గణాంక పరిశోధకులకు నిత్యసాధనమైంది. పాత తరం ప్రాసెసర్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌ను కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఈ ఒక్క ప్రోగ్రాం చరిత్రలోనే కనిపిస్తాయి.

ప్రతి ప్రాసెసర్ తనకు తెలిసిన కొన్ని ఆదేశాలను మాత్రమే అమలు చేయగలదు. ఆ ఆదేశాల వ్యవస్థనే ఆర్కిటెక్చర్ అంటారు. ఆపిల్ సంస్థ 2020లో ఇంటెల్ చిప్పులను విడిచి, ఆర్మ్ ఆర్కిటెక్చర్‌పై తాను రూపొందించుకున్న ఎం1 చిప్పుతో మ్యాక్‌లను విడుదల చేసినప్పుడు, అంతవరకు ఉన్న ప్రోగ్రాములు మూలపడకుండా ‘రోజెటా 2’ అనే అనువాదకాన్ని సమకూర్చింది. ఇంటెల్ ప్రోగ్రామును మొదటిసారి తెరిచినప్పుడు దీన్ని ఇన్‌స్టాల్ చేయమంటారా అని మ్యాక్ అడుగుతుంది. అంగీకరిస్తే, ఇంటెల్ ఆదేశాలు ఆర్మ్ ఆదేశాలుగా మారి ప్రోగ్రాం నడుస్తుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఒక ప్రోగ్రాం, అది నడిచేటప్పుడు తనలోకి తెచ్చుకునే లైబ్రరీలు అన్నీ ఒకే ఆర్కిటెక్చర్‌కు చెందినవై ఉండాలి గనుక, ఆర్మ్ కోసం తయారైన ఆర్‌లో ఇంటెల్ కోసం కంపైల్ చేసిన ప్యాకేజీ, అంటే ఆర్‌కు జోడించుకునే అదనపు భాగం, పనిచేయదు, ఇంటెల్ ఆర్‌లో ఆర్మ్ ప్యాకేజీ కూడా అంతే. పాత మ్యాక్‌లోని ప్యాకేజీల ఫోల్డరును కొత్తదానిలోకి యథాతథంగా కాపీ చేసుకున్నవారికి సీ, ఫోర్ట్రాన్ భాగాలున్న ప్యాకేజీలు మొరాయించేది ఇందువల్లే. వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్ప దారి లేదు.

అనువాదకంపై ఆధారపడకుండా ఆర్‌ను నేరుగా ఆర్మ్‌కు మలచడం మరింత సూక్ష్మమైన పని. మ్యాక్‌లకు ఆర్‌ను సిద్ధం చేసే సైమన్ ఉర్బానెక్ కూడా ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వారే కావడం చక్కని యాదృచ్ఛికం. ఆర్ నిర్మాణానికి ఫోర్ట్రాన్ కంపైలర్ తప్పనిసరి, కానీ ఎం1 వచ్చిన కొత్తలో ఆ చిప్పుకు సరిపడే స్వేచ్ఛా ఫోర్ట్రాన్ కంపైలర్ ఇంకా ప్రయోగదశలోనే ఉంది. పైగా, లెక్కల్లో లోపించిన విలువను ఆర్ ‘సంఖ్య కానిది’ అనే ప్రత్యేక రూపంలో దాచి, దాని లోపల 1954 అనే గుర్తు ఉంచుతుంది. అది ఇహాకా పుట్టిన సంవత్సరం. కూడికలు, గుణకారాల్లో ఆ గుర్తు చెరిగిపోకుండా నిలుస్తుందా లేదా అన్నది ప్రాసెసర్ స్వభావాన్ని బట్టి ఉంటుంది కనుక, కొత్త చిప్పుపై దాన్ని ప్రత్యేకంగా పరీక్షించవలసి వచ్చింది. చివరకు 2021 మే నెలలో వచ్చిన 4.1.0 వెర్షన్‌తో ఆర్మ్ మ్యాక్‌లకు సొంత ఆర్ లభించింది.

విండోస్ కథ వేరు. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల ప్రోగ్రాములు ఒక అనుకూలతా పొర సాయంతో ఇప్పటికీ నడుస్తాయి, అయితే 16 బిట్లవి నడవవు. అక్కడ 64 బిట్ల ఫైళ్లున్న ఫోల్డరు పేరు ‘సిస్టమ్32’, 32 బిట్ల ఫైళ్లున్నదాని పేరు ‘సిస్‌వావ్64’ కావడం తికమక పెట్టే చమత్కారం. విండోస్‌లో 32 బిట్ల ఆర్‌ను దాని నిర్వాహకులే 2022లో 4.2.0 వెర్షన్‌తో నిలిపివేశారు.

రోజెటా కూడా శాశ్వతం కాదు. మ్యాక్ ఓఎస్ 27 తరువాత అది కొన్ని పాత ఆటలకే పరిమితమవుతుందని ఆపిల్ 2025లో ప్రకటించింది. మూలరచన అందరికీ అందుబాటులో ఉన్న ఆర్ ప్యాకేజీలను అప్పటికి ఎవరైనా తిరిగి కంపైల్ చేసుకోగలరు గానీ, మూలరచన బయటపెట్టని ఇంటెల్ ప్రోగ్రాములను వాడేవారు మాత్రం వాటి తయారీదారులు ఆర్మ్ వెర్షన్ ఇచ్చేదాకా పాత మ్యాక్‌నో, పాత ఓఎస్‌నో అట్టిపెట్టుకోవలసిందే.