ఎడమకాలికి పనిలేని కారు

కొత్తగూడ కూడలిలో ఏ సాయంకాలమైనను పది నిమిషములు నిలిచి చూచినవారికి ఒక సంగతి బోధపడును. అచ్చట వాహనములు పరుగెత్తవు, ప్రాకును. బొటానికల్ గార్డెన్ వైపునుండి వచ్చునవి, కొండాపూరునుండి దిగునవి, గచ్చిబౌలికిని హైటెక్ సిటీకిని పోవునవి ఒకచోట గుమిగూడి అడుగులో అడుగు వేయుచుండును. 2023 జనవరి 1వ తేదీన ఇచ్చటి పైవంతెన తెరచిన పిదప పైనుండి పోవువారికి ఊపిరి తిరిగినది గాని, క్రింద మలుపు తిరుగవలసినవారి అవస్థ పూర్తిగా తీరలేదు. ఇటువంటి చోట క్లచ్చి నొక్కుట, గేరు మార్చుట, మరల విడుచుట అను పనిని గంటసేపు చేసి ఇల్లు చేరిన మనిషి మోకాలు పట్టుకొని కూర్చుండుటలో వింత లేదు. గేర్లు తమంత తామే మారు కార్లు ఈ ప్రాంతమున ఇంటింటికి వచ్చుచుండుటకు ఇదియే ముఖ్యకారణమని మా నమ్మకము.

మా బావగారికి డెబ్బది ఏండ్లు. నలుబది ఏండ్లుగా కారు నడుపుచున్నారు. ఒక్కనాడైనను ఎవరికిని గీత తగిలించి ఎరుగరు. కుమారుడు పట్టుబట్టి ఆటోమాటిక్ కారు కొని ఇచ్చినప్పుడు మేమే పరిహాసముగా, "బావగారూ, ఇక మీ ఎడమకాలికి పింఛను మంజూరైనది" అన్నాము. ఆ పింఛను ఉత్తరువు ఎడమకాలికి అందలేదని మూడవనాడు తెలిసినది. సెల్లారులో కారును దాని చోటికి చేర్చుచుండగా, ఆక్సిలరేటరు తాకకుండనే బండి మెల్లగా ముందుకు కదలినది. ఆయన ఉలికిపడిరి. నలుబది ఏండ్ల అలవాటుచేత ఎడమకాలు క్లచ్చిని వెదకినది. అచ్చట క్లచ్చి లేదు, వెడల్పాటి బ్రేకు ఉన్నది. దానిని క్లచ్చి తొక్కినట్లే అడుగంట తొక్కగా బండి ఎగిరిపడినట్లాగినది. కంగారులో ఆ కాలు తీసి, కుడికాలితో బ్రేకు తొక్కితిననుకొని ఆక్సిలరేటరు తొక్కిరి. కారు పోయి స్తంభమును గుద్దినది. ఆయనకు దెబ్బ తగులలేదు. అయితే ఆ స్తంభము దగ్గర చాప వేసికొని వాచ్‌మన్ కూతురు ప్రతిదినము పాఠములు వ్రాసికొనును. తల్లి పిలువగా అప్పుడే లేచి పోయినది. మేము దిగి చూచునప్పటికి చాప ముందు చక్రము క్రింద ఉన్నది.

ఇందులో కారు తప్పు లేదు. మా బావగారు అజాగ్రత్త మనిషియు కారు. కొత్త యంత్రము స్వభావమును ఎవరును ఆయనకు చెప్పకపోవుటయే లోపము. అమ్మినవారు పాటలపెట్టె ఎట్లు పలికించవలెనో అరగంట చూపిరి; బండి తనంత తాను ఏల కదలునో అరనిమిషమైనను చెప్పలేదు.

ఆ సంగతియే ముందు చూతము. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని మాత్రము తిప్పినయెడల, ఆ గాలి తాకిడికి రెండవదియు తిరుగ నారంభించును. గాలికి బదులు నూనె నింపి, రెండు పంకాలను ఒకే పెట్టెలో బిగించినచో అదియే టార్క్ కన్వర్టరు. మొదటి పంకా ఇంజనుది, రెండవది గేర్లది. నడుమ ఇంకొక చిన్న చక్రముండి నూనెను మరల్చి బలమును హెచ్చించును. జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఫోటింగర్ ఈ సూత్రమును 1905లో ఓడల నిమిత్తము కల్పించెను. కార్లలో దానివంటి ద్రవసంధానముతో, గేర్లు తమంత తామే మారు పెట్టెను అమెరికాలోని జనరల్ మోటార్స్ వారు 1939లో ఓల్డ్స్‌మొబీల్ కారునకు అమర్చి విరివిగా అమ్మిరి. ఇంజను తిరుగుచున్నంతసేపు మొదటి పంకా తిరుగును. అది తిరుగుచున్నంతసేపు రెండవదానిపై ఎంతో కొంత ఒత్తిడి ఉండనే ఉండును. కాబట్టి పిడి ‘డి’ అను అక్షరముమీద ఉండి బ్రేకు విడువగానే కారు ప్రాకును. ఇది రోగము కాదు, దాని నైజము. ట్రాఫిక్కులో ఇది వరము, సెల్లారులో ఎరుగనివానికి గండము.

మన దేశమున అమ్ముడగు ఆటోమాటిక్ కార్లన్నియు ఈ జాతివే అనుకొనరాదు. 2014లో మారుతీ సెలీరియోతో ప్రచారమునకు వచ్చిన ఏ.ఎం.టి. అను రకములో పాత గేరుపెట్టెయు పాత క్లచ్చియు అట్లే ఉండును. మన కాలికి, చేతికి బదులు ఒక యంత్రహస్తము వానిని ఆడించును. చవుక, మైలేజి మంచిది. కాని గేరు మారునప్పుడు క్షణకాలము తటపటాయించును. ఆ క్షణమున ఆక్సిలరేటరును కొంచెము సడలించినచో కుదుపు తగ్గును. వెడల్పు మారు రెండు కప్పీల నడుమ పట్టీ తిరుగు సి.వి.టి. మరియొకటి, 1958లో హాలెండు దేశపు డాఫ్ కారుతో అది లోకమునకు విరివిగా పరిచయమైనది. రెండు క్లచ్చిలుగల రకము చురుకైనది గాని వేడికి ఓర్వదు. మీ కారు ఏ రకమో దానితో వచ్చిన పుస్తకములో ఉండును. ఆ పుస్తకమును చాలమంది డ్యాష్‌బోర్డు అరలోనుండి తీయనే తీయరు.

ఇక పాదముల విషయము. రెండు పెడళ్లకును కుడికాలు ఒక్కటియే. ఎడమకాలు దానికై ఏర్పరచిన దిమ్మమీద ఉండవలెను. ప్రళయము వచ్చినను అచ్చటినుండి కదలకూడదు. కుడి మడమను బ్రేకునకు సూటిగా నేలపై ఆనించి, అవసరమైనప్పుడు పాదమును ఆక్సిలరేటరువైపు త్రిప్పుట మంచిది. అప్పుడు పాదమునకు బ్రేకే ఇల్లు, ఆక్సిలరేటరు పొరుగూరు. వెనుకకు నడుపునప్పుడు విశేష జాగ్రత్త కావలెను. తల త్రిప్పి చూచుటకై నడుము తిరిగినప్పుడు, మనకు తెలియకుండనే పాదమును స్థానము తప్పును.

ఈ పొరపాటు మన బావగార్లకే పరిమితము కాదు. 1980 తరువాత అమెరికాలో ఆడి 5000 అను కారు తనంత తానే దూకుచున్నదని గొప్ప అలజడి చెలరేగినది. ఆ దేశపు రహదారి భద్రతాసంస్థ పరిశోధించి, బ్రేకు అనుకొని ఆక్సిలరేటరు తొక్కుటయే ఇట్టి ప్రమాదములకు ప్రధానకారణమని 1989లో తేల్చినది. జపానులోని తోక్యో నగరమున 2019 ఏప్రిలులో ఒక వృద్ధుడు ఈ విధముగనే పొరబడగా తల్లియు పసిబిడ్డయు మరణించిరి. బ్రేకు తొక్కనిదే ‘పి’నుండి పిడి కదలకుండ చేయు తాళము ఇప్పుడు కార్లలో సాధారణమైనదన్న, ఇట్టి అనుభవములే కారణము.

పొరపాటు జరిగినక్షణమున మనస్సు చేయు మోసము గమనింపదగినది. తాను బ్రేకుపైననే ఉన్నానని డ్రైవరు దృఢముగా నమ్మును. బండి ఆగకపోగా ఇంకను గట్టిగా తొక్కును. అది ఇంకను వేగముగా దూకును. కాబట్టి కారు తలంపనట్లు దూకినప్పుడు మొదట చేయవలసినది తొక్కుట కాదు, కుడికాలిని పూర్తిగా పైకెత్తుట. ఎత్తి, మరల బ్రేకుపై నిండుగా మోపవలెను. చేయి ఖాళీగా ఉన్న పిడిని ‘ఎన్’లోనికి త్రోయవలెను. ఇంజను గోలపెట్టును, పెట్టనిండు. చక్రములకు బలము అందదు.

సిగ్నలువద్ద కొద్దిసేపు ఆగినప్పుడు ‘డి’లోనే ఉంచి బ్రేకు పట్టుకొనుట చాలును. దీర్ఘముగా ఆగవలసివచ్చినచో ‘ఎన్’కు మార్చి హాండ్‌బ్రేకు వేయవచ్చును. ‘పి’కి పోనక్కరలేదు. పోయినచో తిరిగివచ్చునప్పుడు పిడి ‘ఆర్’ మీదుగా రావలెను; వెనుకదీపము తళుక్కున వెలుగును; వెనుకనున్న స్కూటరు మనిషి గుండె ఆగును. నడుచుచున్న కారును ‘ఎన్’లో పెట్టి వంతెన దిగుటయు కొందరు పొదుపనుకొందురు. అట్లు చేసినచో ఇంజను పట్టు తప్పి భారమంతయు బ్రేకులపై పడును. పొడుగాటి వాలులో క్రింది గేరును, లేక ‘ఎల్’నో ‘ఎం’నో ఉపయోగించుట సరియైన పద్ధతి. ముందునకు పోవు కారు పూర్తిగా నిలువనిదే ‘ఆర్’ వేయరాదు.

వంతెన ఎక్కుచు వాహనములు ఆగినప్పుడు, ఆక్సిలరేటరు కొద్దిగా నొక్కి బండిని గాలిలో నిలిపినట్లు నిలుపుట చూచుచుందుము. చూచుటకు ముచ్చట, క్లచ్చికి చితి. ఏ.ఎం.టి.లోను, రెండు క్లచ్చిల రకములోను ఇది వేడెక్కి చెడును. బ్రేకుతో నిలుపుడు. ఏ.ఎం.టి. కారు చోటు వదలునప్పుడు వెనుకకు జారవచ్చును. ఎత్తుపై నిలుపు సదుపాయము లేనియెడల హాండ్‌బ్రేకు సాయము తీసికొనుడు.

వేగమును గూర్చి ఒక మాట. గేరు మార్చు పని ఉన్నంతకాలము చేతికి, చెవికి వేగము తెలియుచుండెను. ఇప్పుడు ముల్లు చూచిన తప్ప తెలియదు. కొత్తగూడకు సమీపముననే, బయోడైవర్సిటీ కూడలిలోని పైవంతెన 2019 నవంబరులో తెరువబడినది. గంటకు 40 కిలోమీటర్లు పరిమితి. ఆ నెలలోనే పరిమితి మీరి వచ్చిన కారు మలుపులో అదుపు తప్పి క్రింద పడగా, రోడ్డుప్రక్కనున్న ఒక స్త్రీ మరణించినది. మన మార్గముల మలుపులు మన కారు శక్తిని చూచి కట్టినవి కావు.

కారు నిలుపుటకును ఒక క్రమమున్నది. ‘పి’ అనగా గేరుపెట్టెలోని పండ్లచక్రమున ఇరుకుకొను చిన్న ఇనుపవేలు మాత్రమే. సెల్లారు వాలుపై కారు బరువంతయు ఆ వేలిపై మోపరాదు. బ్రేకు తొక్కియుండి, ‘ఎన్’కు మార్చి, హాండ్‌బ్రేకు వేసి, బ్రేకు కొంచెము సడలించి బరువును హాండ్‌బ్రేకు అందుకొన్న పిమ్మట ‘పి’ వేయవలెను. ఏ.ఎం.టి. కార్లలో పెక్కింటికి ‘పి’యే ఉండదు. అట్టివానిని గేరులో ఉంచి ఇంజను ఆపి, హాండ్‌బ్రేకు వేయుట పుస్తకమున చెప్పిన పద్ధతి. ఆగిన ఆటోమాటిక్ కారును త్రోసి స్టార్టు చేయుట కుదరదు. త్రాడు కట్టి ఈడ్పించుటకు ముందు పుస్తకము చూడవలెను. ఇంజను తిరుగనిచో లోపలి నూనెపంపు తిరుగని రకములు కలవు. ఈడ్చినకొలది పెట్టె ఎండి అరిగిపోవును.

మా బావగారు కారు మరమ్మతయి వచ్చిన పిమ్మట వరుసగా నాలుగు ఆదివారములు తెల్లవారకముందే మమ్ము వెంటబెట్టుకొని ఖాళీ స్థలమునకు పోయిరి. మొదటి ఆదివారము ఆక్సిలరేటరు ముట్టనే లేదు. కేవలము బ్రేకు విడుచుచు, పట్టుచు, బండి ఎంత ప్రాకునో, ఎచ్చట ఆగునో అరగంట చూచిరి. రెండవనాడు వెనుకకు. మేము ప్రక్కన కూర్చుండి ఆయన ఎడమపాదమునే చూచుచుంటిమి. మూడవ ఆదివారము ఒక కుక్క అడ్డము వచ్చినప్పుడు అది దిమ్మమీదినుండి సగము లేచినది. నాలుగవనాడు లేవలేదు. ఆ సాయంకాలము సెల్లారులో చాప వేయు చోటును మెట్లప్రక్కకు మార్పించి, పిల్లకు ఒక దీపము కూడ పెట్టించిరి.