కాటు పైన కట్టు

కోతల్లో ఎవరినైనా 'పురుగు ముట్టింది' అనగానే, అంటే పాము కరిచిందనగానే, పక్కవాళ్లు ముందు వెతికేది తాడు. తాడు లేకపోతే తువ్వాలు, అదీ లేకపోతే చీర చెంగు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ కట్టు ఇంకా పోలేదు. నిజానికి ఇది శాస్త్రం చెప్పిన కట్టే. సుశ్రుత సంహిత కల్పస్థానం దీన్ని 'అరిష్ట' అంది: కాటుకు నాలుగు వేళ్ల పైన బట్టతోనో తోలుతోనో నారతోనో కట్టమంది. ఆ కాలానికి అంతకు మించిన ఉపాయం లేదు.

ఇలాంటి బిగింపే అయిన ముడి శస్త్రచికిత్సలో మాత్రం గెలిచింది. 1552లో ఫ్రాన్సులో ఆంబ్రోయిస్ పారే, కాలు తీసేటప్పుడు రక్తనాళాన్ని కాల్చే బదులు దారంతో ముడివేశాడు. ఆ పద్ధతి నేటి ఆపరేషన్ థియేటర్లలోనూ ఉంది. నెత్తురు ఆపడానికి ముడి మేలే, విషం సంగతి వేరు.

1780లలో విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ఈ తీరపు పాములను పోగుచేసి, కోళ్ల మీద, కుక్కల మీద వాటి విషాన్ని పరీక్షించాడు. 1796లో అచ్చయిన ఆయన గ్రంథంలో ఒక పాము తెలుగు పేరుతోనే ఉంది: కాటుక రేకుల పొడ. అదే మన రక్తపింజరి. ఇప్పుడు ప్రపంచం దాన్ని రస్సెల్ పేరుతో పిలుస్తోంది.

కట్టు ఎక్కువ చెరుపు చేసేది ఈ పాము కాటులోనే. దీని విషం నెత్తుటిలో గడ్డకట్టించే పదార్థాలను ఖర్చు చేసేస్తుంది, కాటు చుట్టూ కండను చంపుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పైన తాడు బిగిస్తే ఆ విషమంతా ఒక్కచోటే మగ్గుతుంది, కిందికి నెత్తురు అందదు, కాలు కుళ్లుతుంది. ప్రాణం దక్కినా కాలు తీసేయాల్సి రావచ్చు. దారిలో ఎవరో జాలిపడి తాడు విప్పితే, ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి దూకుతుంది.

కట్లపాముదింకో తంతు. నిద్రలో కరుస్తుంది, వాపుండదు, నొప్పీ అంతగా ఉండదు. కాటెక్కడో తెలియనప్పుడు కట్టెక్కడ కడతారు?

మరి కట్టు కట్టినవాళ్లు ఎందరో బతికారు కదా అంటారు. కరిచిన పాముల్లో చాలావాటికి విషమే ఉండదు, విషపాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. పేరు మాత్రం తాడుకూ మంత్రానికీ వస్తుంది.

ఆసుపత్రిలో పరీక్ష చాలా తేలిక. రెండు మిల్లీలీటర్ల నెత్తురు శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే రక్తపింజరి జాతి పని. విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపొడ — నాలుగింటికీ ఒకటే. కనుక పామును చంపి పట్టుకెళ్లే పని లేదు.

ఎవరినైనా పాము కరిస్తే కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి, నడిపించకుండా 108 అంబులెన్సులో ఎక్కించండి. ఎవరైనా అప్పటికే కట్టి ఉంటే దారిలో విప్పొద్దు. ఎన్ని గంటలకు కట్టారో డాక్టరుకు చెప్పండి, విప్పడం ఆయనకే వదిలేయండి.