చందమామ బేతాళ కథలు: మూలము, అనుస్యూతి

బొమ్మలతో నెలనెల ఏండ్ల తరబడి సాగిన కథావళిని గూర్చి వ్రాయునప్పుడు ఏది మూలము, ఏది తరువాతి చేర్పు అను ప్రశ్న తప్పదు. చందమామ బేతాళ కథల విషయమున పరిశోధక విద్యార్థులు కొందరు దీనికి తొందరపడి సమాధానము చెప్పుచున్నారు. మూలమున ఇరువదియైదు కథలే కావున తక్కినవన్నియు ప్రక్షిప్తములని వారి వాదము. అభిమాన పాఠకుల వ్రాతలలో దీనికి విపరీతమైన దోషము కలదు. అన్నియు బృహత్కథనుండి వచ్చినవే యందురు. రెండును మాకు సమ్మతములు కావు.

11వ శతాబ్దమున సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పిన రాజు త్రివిక్రమసేనుడు; గోదావరీ తీరమందలి ప్రతిష్ఠానము అతని నగరము. క్షాంతిశీలుడను భిక్షువు కోరగా అతడు శవమును మోసికొనివచ్చుటకు పూనుకొనును. బేతాళుడు దారిలో కథ చెప్పి ప్రశ్న వేయును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పినచో మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. కడపటి ప్రశ్న వరుసలను గూర్చినది. తండ్రి ఒక కన్యను, కుమారుడు ఆమె తల్లిని పెండ్లాడగా, వారికి పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమగుదురు? రాజునకు తోచలేదు. మౌనము నిలిచినది, బేతాళుడు భిక్షువు కుట్రను బయటపెట్టెను, కథ ముగిసెను.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన మాసపత్రికకు ఈ ముగింపు సరిపడదు. శీర్షిక సాగవలెనన్న రాజునకు ప్రతి నెల సమాధానము తెలియవలెను, తెలిసినది చెప్పవలెను, శవము మరల చెట్టెక్కవలెను. మూలమందలి కథలు చాలక క్రొత్తవి వచ్చి చేరినవి. భిక్షువు వెనుకకు పోయినాడు. కాని తెలివి, మాట, మౌనభంగము అను మూడింటి కట్టు చెడలేదు. ఇట్టి శీర్షికలో ప్రామాణ్యము కథల సంఖ్యను బట్టి గాక ఈ కట్టును బట్టి నిర్ణయింపవలెనని మా అభిప్రాయము. నన్నయ అరణ్యపర్వమున విడిచినదానిని ఎఱ్ఱన పూరించి రాజరాజనరేంద్రునకే అంకితమీయగా దానిని ప్రక్షిప్తమనువారెవ్వరును లేరు.

చిత్రము సంగతి వేరు. చేత కత్తి, భుజమున శవముతో శంకర్ గీసిన విక్రమార్కుడు తెలుగు పాఠకుల మనస్సులో మూలమును మించిన మూలమైనాడు. సోమదేవుని చదివినవారు సైతము ఆ రూపమునే తలతురు. చిత్రకారుని పేరు విడిచి కథను మాత్రమే పరిశీలించిన వ్యాసము సగము వ్యాసమే.

2013 నాటికి పత్రిక ఆగిపోయినది. ఇప్పుడు మన కాధారము ఇండ్లలోని కట్టులే. డోనులో మేము చూచిన యొక కట్టులో బేతాళ కథల పుటలు మాత్రమే చించి కుట్టబడియున్నవి. నెల లేదు, సంవత్సరము లేదు. పత్రిక పాత కథలను పునర్ముద్రించుటయు కలదు గనుక, అట్టి పుటను తొలి ముద్రణమని వ్రాయుట ప్రమాదకరము. ఇట్టిచోట పుట వెనుక భాగమును చూడవలెను. అందు వేరొక ధారావాహిక ముక్క మిగిలియున్నచో, అది ఎన్నవ భాగమో, ఏ సంచికలోనిదో సరిపోల్చిన ఈ కథ నెల తేలును.